అత్తమ్మ గుర్తుపట్టిన మనిషి

మా అత్తమ్మ ఒకసారి చూసిన ముఖాన్ని మరిచిపోదని మా ఇంట్లో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం ఆవిడకే. ఉద్యోగం చేసినన్నాళ్లూ సర్కారు దవాఖానలో, ప్రసూతి వార్డులో నర్సు. జాకెట్టు గుడ్డ కొందామని సుల్తాన్ బజార్‌కు తీసుకెళ్తే చాలు, మీసాలు నెరుస్తున్న మగవాళ్లను దారిలో ఆపేసి, "నువ్వు నా చేతులనే పుట్టినవ్. పుట్టంగనే ఏడ్వలే. మీ అమ్మను ఎంత భయపెట్టినవో ఎరికేనా?" అని అడిగేది. వాళ్లు సిగ్గుపడి నవ్వి ఔనమ్మా అనేవాళ్లు. గాజుల కొట్టు నడిపే ఒకాయన అలాగే ఔనమ్మా అని, నేను మరిచిపోయిన గొడుగు కోసం వెనక్కి వెళ్లినప్పుడు, తను పుట్టింది జోధ్‌పూర్ దగ్గరని మెల్లగా చెప్పాడు. పెద్దావిడ సంబరం ఎందుకు చెడగొట్టాలని ఊరుకున్నాడట. నేనూ ఊరుకున్నాను. అత్తమ్మతో వాదించి గెలిచిన వాళ్లను నేనింతవరకు చూడలేదు.

నాకు ముఖాలు గుర్తుండవు. పెళ్లిళ్లలో ఎదురొచ్చి పలకరించిన వాళ్లతో బోలెడు కబుర్లు చెప్పి, వాళ్లెవరో తెలియకుండానే భోజనానికి కూర్చున్న ఘనత నాది. టెలిఫోన్ ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేశాను కాబట్టి గొంతులు మాత్రం గుర్తుంటాయి. మా పుట్టింటివాళ్లు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన హిందువులు. అత్తమ్మ వాళ్లది మెదక్, తాతల నాటి నుంచీ చర్చి కుటుంబం. నేనూ మా ఆయనా పెళ్లి చేసుకున్న కొత్తలో రెండు వైపులా మూతులు ముడుచుకున్నారు గానీ, ఆ ముడతలు ఎప్పుడో విడిపోయాయి. ఇప్పుడు నాకూ అత్తమ్మకూ చింతపండు ఎంత వెయ్యాలన్న దగ్గర తప్ప తగువులు లేవు. ఆదివారం ఆవిడతో పాటు చర్చికి వెళ్తాను, ఇంట్లో నా దేవుడి గూడు నాకుంది. మేం ముగ్గురం ఆబిడ్స్‌లో, పెద్ద రోడ్డు వెనక ఒక పాత బిల్డింగ్ రెండో అంతస్తులో ఉంటున్నాం. ఇంతకంటే సుఖంగా ఎవరుంటారో నాకు తెలియదు.

మా గల్లీ చివర ఇంట్లో ఒక ముసలి జంట ఉండేది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు. ఆమె వాళ్ల పెరట్లోని కరివేపాకు గల్లీ మొత్తానికీ పంచేది. ఒక్కతే కూతురు, పెళ్లై గన్‌ఫౌండ్రీలో ఉంటోంది, బ్యాంకులో పని. ఒకరోజు పొద్దున్నే అత్తమ్మ పుంటికూర, టమాటలు కొనుక్కుని వస్తుంటే, వాళ్ల గేటులోంచి ఒక మనిషి విసురుగా బయటికొచ్చి ఆవిడ భుజానికి గుద్దుకున్నాడు. సంచీ కింద పడింది, టమాటలు పక్కనున్న మురుగు మోరీ దాకా దొర్లాయి. "కండ్లు నెత్తికెక్కినయా?" అని అత్తమ్మ అరిచిందట. అతను ఒకసారి ఆవిడ వైపు చూసి పెద్ద రోడ్డు వైపు వెళ్లిపోయాడు. ఇంటికొచ్చాక కూడా ఆవిడ తిట్టింది ఆ టమాటల గురించే.

మధ్యాహ్నానికి గల్లీ నిండా పోలీసులు. ముసలాయన్నూ ఆమెనూ ఎవరో చంపేశారు. బీరువా తెరిచి ఉంది, ఆమె చేతులకు గాజులు లేవు. నేను కుప్పకూలి ఏడ్చాను. నా చేతి గడియారం ఆయన చలవతోనే నడుస్తూ ఉండేది, అది ఆ రోజు కూడా నా మణికట్టు మీద టిక్కుటిక్కుమంటూనే ఉంది. కూతురు వచ్చి గేటు దగ్గరే కూలబడితే అత్తమ్మ వెళ్లి ఆ పిల్ల తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ తరవాత లేచి, చీర సర్దుకుని, పోలీసులకు తను చూసింది చెప్పింది.

ఒక మనిషి దొరికాడు. నాంపల్లిలో రైల్వే స్టేషన్ వెనక ఒక టెంట్ హౌస్‌లో పనిచేస్తాడట. ఫంక్షన్లకు షామియానాలు కట్టడం, కుర్చీలు మోయడం వాళ్ల పని. హత్యకు ముందురోజు ఆ ముసలి జంట పక్కింట్లోనే ఏదో ఫంక్షన్‌కు షామియానా కట్టి వెళ్లాడు. ముసలావిడ గాజులు చూసి ఉంటాడని అందరూ అన్నారు. గాజులు మాత్రం అతని దగ్గర దొరకలేదు, ఎక్కడా దొరకలేదు. బీరువా మీద ఉన్న వేలిముద్రలు చెరిగిపోయి ఎవరివో తేల్చలేమని అన్నారు.

గుర్తింపు పరేడ్‌కు రమ్మని కబురొచ్చింది. జైల్లో మెజిస్ట్రేట్ ముందు ఒకేలాంటి వయసు, ఒకేలాంటి ఒడ్డూ పొడుగూ ఉన్న మగవాళ్లను వరసగా నిలబెడతారు. అందులో పోలీసులు పట్టుకున్న మనిషి ఒకడుంటాడు. సాక్షి వాళ్ల ముందు నుంచి నడుస్తూ తను చూసిన మనిషిని చూపించాలి. నన్ను లోపలికి రానివ్వలేదు. బయట చెట్టు కింద మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. నేను గ్లాసు ఖాళీ చేసేలోపే అత్తమ్మ బయటికొచ్చింది, కొంగు నడుముకు దోపి, బడిలో ఫస్టొచ్చిన పిల్లలా.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏమైతది? పోంగనే పట్టిన. ఆ మెజిస్ట్రేట్ సారు జర ఆగి మంచిగ చూడమ్మా అన్నడు. నాకేం అక్కరలే సార్, గీయన మొఖం నేను ఏడున్నా గుర్తువడ్త అన్న."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ ముసలి జంటకు తను చేయగలిగింది చేశానన్న తృప్తి ఆవిడ ముఖంలో చూసి నాకూ సంతోషం వేసింది. ఆ రాత్రి చేపల పులుసు పెట్టాను, చింతపండు ఆవిడ చెప్పినంతే వేశాను.

కేసు నడవడం మొదలయ్యేసరికి చాలా నెలలు పట్టింది. ఆ మనిషి జైల్లోనే ఉన్నాడు. మా భోజనాల బల్ల దగ్గర మాత్రం కేసు రోజూ నడిచేది. ఇద్దరు ముసలివాళ్లను అలా చంపారు కాబట్టి సర్కారు వకీలు ఉరిశిక్షే అడుగుతాడని పేపర్లో వచ్చింది. మా ఆయనకు అది చాలా నచ్చింది.

"ముసలోళ్లను చంపినోనికి ఉరి గాక హారతి పడ్తరా?" అన్నాడు.

ఉరి అనే మాటే నాకు పడదు. ఎందుకంటే పెద్ద సిద్ధాంతమేం కాదు, టెలిఫోన్ ఆఫీసు బుద్ధి. "రాంగ్ నంబరు కలిస్తే సారీ చెప్పి మళ్లీ కలుపుతాం. ఉరి తీసేశాక ఇతను కాదని తేలితే ఎవరికి ఫోన్ చేసి సారీ చెప్తారు?" అన్నాను.

"ఈడ రాంగ్ నంబర్ ఏడుంది, బిడ్డా?" అంది అత్తమ్మ, ముద్ద కలుపుతూ. "చూసింది నేను గదా."

నేను పెరుగు వడ్డించాను. నిజం చెప్పాలంటే ఆవిడ చూడలేదని నేనూ అనుకోలేదు. కళ్లారా చూసి చెప్పినా సరే, ఉరి మాత్రం వద్దనే నా వాదన.

వచ్చే నెల ఫలానా తారీఖున కోర్టుకు రావాలని సమన్లు వచ్చాయి. సర్కారు వకీలు పిలిస్తే నేనూ అత్తమ్మా నాంపల్లి కోర్టులో ఆయన గదికి వెళ్లాం. మర్యాదస్తుడు, లేచి కుర్చీ వేశాడు. మిగతా సాక్ష్యాలన్నీ అటూ ఇటూ ఊగేవేననీ, కేసు నిలబడేది అత్తమ్మ మాట మీదేననీ చెప్పాడు. "మీరు జైల్లో చూపించినట్టే కోర్టులో చూపిస్తే చాలు పెద్దమ్మా" అన్నాడు. అంటే ఆ మనిషి మెడ మీదికి తాడు వచ్చేదీ రానిదీ మా అత్తమ్మ చూపుడు వేలి మీద ఆధారపడి ఉందన్నమాట. అది విన్నాక నేను మెట్లు దిగుతూ దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆవిడ మాత్రం ఇడ్లీ తిందామా అని అడిగింది.

ఆ తరవాతి ఆదివారం చర్చిలో కోతపండుగ. పంటలో మొదటి భాగం దేవుడికి ఇచ్చే పండుగ అది. మెదక్ పల్లెల్లో అయితే వడ్లు, మక్కలు తెస్తారు. మా సంఘంలో పొలాలున్న వాళ్లెవరూ లేరు కాబట్టి అందరం మార్కెట్లో కొని తెస్తాం. సొరకాయలు, గుమ్మడికాయలు, చెరుకుగడలు, ఇంట్లో చేసిన కేకులు, బతికున్న కోళ్లు. ఆరాధన అయ్యాక షామియానా కింద వేలం. దేవుడికి వెళ్లే సొమ్ము కాబట్టి ఒక మామూలు సొరకాయ పట్టుచీర ధర పలుకుతుంది. తెల్లచీరలు కట్టుకుని మర్యాదగా పాటలు పాడిన ఆడవాళ్లే ఆ వేలంలో ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకుంటారు. పెళ్లైన మొదటి ఏడాది చూసి నేను హడలిపోయాను. ఇప్పుడు నాకు అదంటే ప్రాణం, సినిమాకు వెళ్లినా అంత సరదా ఉండదు.

మా అత్తమ్మ పాడేది నాటుకోడికి. ప్రతి ఏడాదీ కోడే. ముందు వరసలో కూర్చుని, కోడిని పైకెత్తి పట్టుకున్న మనిషి వైపు కన్నార్పకుండా చూస్తూ చెయ్యెత్తుతూనే ఉంటుంది. ఆ ఏడాది కోడిని పట్టుకున్నది సంఘంలోని ఒక లావుపాటి పెద్దమనిషి. పాట మొదలైంది. అత్తమ్మ చెయ్యెత్తింది. వెనకనుంచి ఎవరో పెంచారు. అత్తమ్మ మళ్లీ ఎత్తింది. అప్పుడు ఆ కోడి రెక్కలు టపటపా కొట్టింది. పెద్దమనిషి ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లు చికిలించి, సరిగ్గా అత్తమ్మ వైపు చూశాడు. అంతే, ఆవిడ చెయ్యి కిందికి దిగిపోయింది.

"అత్తమ్మా, పోతోంది, ఎత్తండి!" అని నేను మోచేత్తో పొడిచాను. ఎత్తలేదు. కోడి ఇంకెవరికో పోయింది. ఆవిడ ముఖంలో రక్తం లేదు. నీళ్లు తాగించి, షామియానా బయటికి తీసుకొచ్చాను.

"పోయిన ఏడు కోడిని పట్టుకున్నదెవ్వరు?" అని అడిగింది.

నాకేం గుర్తుంటుంది? వేలం వేసే పెద్దాయనకు, చేతికి దొరికిన వాళ్లెవరినో పిలిచి సామాను ఎత్తి పట్టుకోమనడం అలవాటు.

"గా కుర్చీలు ఏసెటాయన. టెంట్ హౌస్ ఆయన. కోడి ఇట్లనే రెక్కలు కొడితే మొఖం తిప్పి నా దిక్కే చూసిండు. ఎంతసేపు పాడిన్రు ఆ కోడిని! ఎంతసేపు చూసిన నేను గా మొఖాన్ని!" అంది. తరవాత నా రెండు చేతులూ పట్టుకుంది. "బిడ్డా, జైల్ల నేను పట్టింది గా మొఖమే."

పోయిన ఏడాది కోతపండుగ ఆ హత్యలకు కొద్ది వారాల ముందే జరిగింది. నేను పాస్టరమ్మ దగ్గరికి పరుగెత్తి, ఆ ఏడాది షామియానా ఎవరు వేశారో కనుక్కున్నాను. నాంపల్లి స్టేషన్ వెనక టెంట్ హౌస్ వాళ్లే. ఆ మనిషి జైలుకు పోయాక వాళ్లు మా చర్చికి రావడం మానేశారట. మాలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. కుర్చీలు మోసేవాళ్ల ముఖాలు ఎవరు చూస్తారు? కోడి చేతికిచ్చి ఎదురుగా నిలబెట్టాం కాబట్టి మా అత్తమ్మ చూసింది.

ఇంటికొచ్చాక మా ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మా, ఏమైతది దాంతోని? చర్చిల కనవడ్డోడే గల్లీల గూడ కనవడొచ్చు గదా. రెండు జాగలల్ల ఆయనే కావచ్చు."

"కావచ్చు" అంది అత్తమ్మ.

"మరింకేంది?"

"కావచ్చు అంటున్న. గదే నా ఫికర్. మొన్నటి దాంక ఆయనే అన్న. ఇయ్యాల కావచ్చు అంటున్న. కావచ్చు అని చెప్పి ఒక మనిషిని ఉరి తీస్తరారా?"

మా ఆయన చాలాసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. మాట మారిస్తే పోలీసులు ఊరుకోరన్నాడు, డబ్బు తీసుకుందని జనం అంటారన్నాడు, ఈ వయసులో కోర్టులో తిట్లు తినాలా అన్నాడు. భయం వేసి అన్నవే అవన్నీ. నాకూ భయం వేసింది. అయినా ఆ పూట అత్తమ్మను చూస్తే నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ కళ్లు మూసుకుని ఆ గల్లీ పొద్దును తలుచుకోవడానికి ప్రయత్నించింది. టమాటలు కనిపిస్తున్నాయంది, మోరీ కనిపిస్తోందంది, అతని చొక్కా చెయ్యి మడిచి ఉండటం కనిపిస్తోందంది. ముఖం దగ్గరికొచ్చేసరికి ఆ టెంట్ హౌస్ మనిషి ముఖమే వచ్చి కూర్చుంటోందట, కోడి రెక్కతో సహా.

సర్కారు వకీలుకు ముందే చెప్పాం. ఆయన కోప్పడలేదు. అలసిపోయినట్టు వెనక్కి వాలి, "వయసు మీద పడ్డాక ఇట్లాంటి అనుమానాలు వస్తుంటాయి పెద్దమ్మా, కోర్టులో అతన్ని చూడగానే అన్నీ సర్దుకుంటాయి" అన్నాడు. వయసు గురించి ఎవరన్నా ఎత్తితే ఊరుకునే మనిషి కాదు అత్తమ్మ. ఆరోజు ఊరుకుంది కాబట్టి ఎంత నలిగిపోతోందో నాకర్థమైంది.

సాక్ష్యం రోజున తెల్లచీర కట్టుకుంది. కోర్టు హాలు నేననుకున్నంత పెద్దదేం కాదు, ఫ్యాన్ చప్పుడుకు సగం మాటలు వినపడవు. సాక్షి తెలుగులో చెప్తే జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులో టైపిస్టుకు చెప్పి రాయిస్తున్నారు. గల్లీ, సంచీ, టమాటలు, అన్నీ అయ్యాయి. నేను వెనక బెంచీలో ఆ జంట కూతురి పక్కన కూర్చున్నాను. ఆ పిల్ల నా వేళ్లు గట్టిగా పట్టుకుని ఉంది. తరవాత ఏం జరగబోతోందో నాకు తెలుసు, ఆ పిల్లకు తెలియదు. ఆ పది నిమిషాలంత బరువుగా నా జీవితంలో ఏవీ గడవలేదు.

"ఆ రోజు మీరు చూసిన మనిషి ఇప్పుడు కోర్టులో ఉన్నాడా?" అని వకీలు అడిగాడు.

అత్తమ్మ బోను వైపు తిరిగింది. అతను తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ నింపాదిగా చూసింది.

"చెప్పలేను సార్."

"జైల్లో ఇతన్నే చూపించారు కదా?"

"ఔ, చూపిచ్చిన. ఈయన మొఖం నాకు ముందుగాల్నే తెలుసు. మా చర్చిల వేలం కాడ కోడిని పట్టుకున్నడు. గల్లీల నన్ను గుద్దింది ఈయనేనో ఇంకొకరో నాకు తెల్వదు."

నా వేళ్లు వదిలేసింది ఆ పిల్ల. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. సాక్షి ఎదురు తిరిగిందని వకీలు జడ్జిగారికి చెప్పి, ఇంక తనే అత్తమ్మను గుచ్చి గుచ్చి అడగడం మొదలుపెట్టాడు. ఎవరైనా బెదిరించారా, ముద్దాయి తరఫు వాళ్లు ఎవరైనా ఇంటికొచ్చారా, డబ్బేమైనా ఇచ్చారా.

"నన్ను కొనెటోడు ఇంక పుట్టలే" అంది అత్తమ్మ. "పుడితే నాకు ఎరికైతుండె. నేను నర్సును."

జడ్జిగారు నవ్వు ఆపుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది టైపిస్టుకు చెప్పలేదు. తరవాత ఆయనే మెల్లగా అడిగారు. "మరి అప్పుడు అంత గట్టిగా ఎందుకు చెప్పారమ్మా? అబద్ధం చెప్పారా?"

"అబద్ధం చెప్పలే సార్. తెలుసనే అనుకున్న. నిజంగ తెలుసనే అనుకున్న."

బోనులో మనిషి అప్పుడు మొదటిసారి తలెత్తాడు.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదని అతన్ని వదిలేశారు. ఆ రోజు సంతోషపడాలో వద్దో మాకు తెలియలేదు. ఆ పిల్ల మా మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడి, "మా అమ్మానాన్నను చంపినోణ్ని మీరే ఇంటికి పంపించిన్రు ఆంటీ" అని అత్తమ్మ ముఖం మీదే అనేసి వెళ్లిపోయింది. ఆ పిల్ల మాట అబద్ధమని గట్టిగా అనలేకపోవడమే ఆవిడ బాధ. మా గల్లీలో కొందరు పలకరించడం తగ్గించారు. చర్చిలో కొందరు ముసలావిడకు మతి తప్పుతోందని అనుకున్నారు, కొందరు చేతులు పట్టుకుని మంచి పని చేశారన్నారు. ఆవిడ ఇద్దరికీ ఒకటే నవ్వు నవ్వేది.

అలాగని మేం ఏడుస్తూ ఏమీ కూర్చోలేదు. వంటలు, చింతపండు గొడవలు, ఆదివారం ఆరాధన, తిరిగొస్తూ బేకరీలో దిల్‌పసంద్, అన్నీ మామూలే. సుల్తాన్ బజార్లో మగవాళ్లను ఆపడం మాత్రం ఆవిడ మానేసింది. కొన్నాళ్లకు అది నాకే వెలితిగా అనిపించి, "అడుగో అత్తమ్మా, ఆ పొడుగాయన మీ చేతుల్లోనే పుట్టి ఉంటాడు" అని నేనే ఉసిగొల్పితే, "పోయేటోన్ని పోనియ్ బిడ్డా" అని నవ్వింది.

ఏడాది పైన గడిచింది. ఒక మధ్యాహ్నం బెల్లు మోగితే నేనే తలుపు తీశాను. నాకెప్పటిలా ముఖం చటుక్కున తట్టలేదు, ఆంటీ అన్న గొంతు విని గుర్తుపట్టాను. ఆ జంట కూతురు. చేతిలో పేపరు మడత పెట్టి ఉంది. లోపలికి వచ్చి, కూర్చోకుండానే, వేరే ఊళ్లో ఇలాంటి పనే చేసి ఒకడు పట్టుబడ్డాడని చెప్పింది. వాళ్లమ్మ గాజులు వాడు అమ్మిన చోట దొరికాయి. ఆమె స్వయంగా వెళ్లి చూసి, లోపలి చెక్కుడు పని బట్టి అవే అని చెప్పి వచ్చింది. వాడే ఒప్పుకున్నాడు. పొద్దున్నే గేటు దాటుతుంటే ఒక ముసలామెకు గుద్దుకున్నానని కూడా చెప్పాడట.

"మిమ్మల్ని అట్ల అన్నందుకు నన్ను మాఫ్ చెయ్యండి ఆంటీ" అని ఏడ్చింది.

అత్తమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరింది. తరవాత పేపరు ఇటివ్వమంది. వాడి ఫొటో పెద్దగానే వేశారు, కళ్లూ ముక్కూ అన్నీ స్పష్టంగా ఉన్నాయి. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూసింది. నన్ను పట్టుకోమని దూరం నుంచి చూసింది. ఏడున్నా గుర్తుపడతానని ఆవిడ గట్టిగా చెప్పిన ముఖం అదే మరి, తనను గుద్ది, తన కళ్లలోకి చూసి వెళ్లిపోయిన ముఖం.

"ఈయన్ను నేను ఎన్నడూ చూడలే" అంది.

ఆవిడ ఇంకోసారి చూసి, పేపరు మడిచి, "ఎన్నడూ చూడనట్టే ఉంది, బిడ్డా. ఎంత పాపం చేయబోయిన నేను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆవిడ అలా ఏడవగా నేను చూడటం అదే మొదలు. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని ఆటో పిలవమంది. ఆ టెంట్ హౌస్ మనిషి దగ్గరికి పోవాలంది. ఇన్నాళ్లూ పోలేదు, పోయి ఏమని చెప్పాలో తెలియక. ఇప్పుడు తెలిసిందంది.

నాంపల్లి స్టేషన్ వెనక ఆ టెంట్ హౌస్ కనుక్కోవడం కష్టం కాలేదు. అతను ఎర్ర కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేర్చి లారీలోకి ఎక్కిస్తున్నాడు. అత్తమ్మను చూసి ఆగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ వచ్చాడు. పేపరు సంగతి అప్పటికే తెలుసు.

"బాబూ, నేను..." అంది అత్తమ్మ.

"తెలుసమ్మా. కోర్టుల తెల్వదన్నరు గదా. మీ పుణ్యాననే బతికిన" అన్నాడు. పేర్చిన కుర్చీల్లోంచి ఒకటి లాగి, గుడ్డతో తుడిచి వేశాడు.

"నువ్వట్ల అనకు. జైల్ల నిన్ను చూపిచ్చింది గూడ నేనే" అంది ఆవిడ, కూర్చుంటూ.

అతను ఆవిడ ముందు నేల మీద గొంతుక్కూర్చున్నాడు. కోపం లేదు, నవ్వు లేదు. ఎవరితోనూ చెప్పని మాట చెప్తున్నట్టు గొంతు తగ్గించాడు.

"ఆరోజు మీరు సక్కగ నా కాడికే వచ్చిన్రు. నా దిక్కు వేలు పెట్టి, గింత గూడ ఆగకుంట, గీయననే అన్నరు. పెద్దమనిషి, నర్సమ్మ, గంత ధైర్యంగ చెప్పవట్టిరి. ఆ రాత్రి బ్యారక్‌ల పండుకొని నాకే అనుమానమొచ్చిందమ్మా. నేనే చేసిన్నా ఏంది, చేసి మర్చిపోయిన్నా ఏంది అని."

అత్తమ్మ చెయ్యి చాచి అతని తల మీద పెట్టింది. అతను కదలకుండా అలాగే కూర్చున్నాడు. లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి, ఇటు చూసి, ఇంక కొట్టలేదు.